లోపల మనిషి, బయట తాళం

ముందే ఒక మాట చెబుతాను. నేను చెప్పే అంకెల్లో సగం తీసేసి నమ్మండి. మా ఆవిడ ముప్పావు తీసేస్తుంది. మా అమ్మ అసలు వినదు, "వానికి చిన్నప్పటి సంది గంతే" అని పప్పులో రాళ్లు ఏరుకుంటుంది. అయితే ఈ సంగతిలో మాత్రం తీసేయటానికి ఏమీ లేదు. ఇందులో నేను గొప్పవాణ్ని కాను కాబట్టి, పెంచి చెప్పుకునే అవసరం రాలేదు.

నానక్‌రామ్‌గూడలో ఒక పద్దెనిమిది అంతస్తుల అద్దాల భవనానికి అగ్నిప్రమాద భద్రత అధికారిగా ఇరవై ఏళ్లకు పైగా చేశాను. పని రెండే రకాలు. మంట రాకుండా చూడటం, వస్తే మనుషుల్ని కిందికి దింపటం. మొదటిది తేలిక, మిషన్లు చెప్పిన మాట వింటాయి. రెండోదే కష్టం. అలారం మోగిందంటే ఐటీ ఉద్యోగి మొదట చేసే పని హెడ్‌ఫోన్లు పెట్టుకోవటం. "సార్, కాల్‌లో ఉన్నాను, మీరు కానివ్వండి" అని చెయ్యి ఊపుతాడు, నేనేదో నేల తుడవటానికి వచ్చినట్టు.

అందుకని కథలు మొదలుపెట్టాను. ఒకసారి ఏడో అంతస్తు ఎంతకూ కదలకపోతే మైకులో ఇలా చెప్పాను: "కింద పార్కింగ్‌లో ఒక కొత్త తెల్ల కారుకు పొడుగ్గా గీత పడింది. నంబరు సరిగా కనబడటం లేదు. ఎవరిదో వచ్చి చూసుకోగలరు." మూడు నిమిషాల్లో అంతస్తు ఖాళీ. కారు లేనివాళ్లు కూడా దిగారు. ఆ రోజు నుంచి నన్ను అందరూ అబద్ధాల సార్ అనేవారు, ప్రేమగానే. ఆ ప్రేమే నా నెత్తికెక్కింది.

ఒక ఏడాది భద్రతా వారోత్సవానికి కొత్త ఆలోచన చేశాను. ఆఫీసులో దిగటం నేర్పుతున్నాం, ఇంట్లో మంట వస్తే ఎలా? ప్రతి ఉద్యోగీ ఇంటిల్లిపాదితో కూర్చుని తమ ఇంటి బొమ్మ గీయాలి. బయటపడటానికి రెండు దారులు చూపించాలి. బయటికొచ్చాక అందరూ కలుసుకునే చోటు రాయాలి. కింద ఇంట్లో అందరి సంతకాలు ఉండాలి. నిబంధనలన్నీ నేనే రాశాను, చివర "కుటుంబంతో చర్చించకుండా గీసినవి చెల్లవు" అని రాసి, కింద గీత కూడా గీశాను.

మా అడ్మిన్ మేడం గోదావరి జిల్లా మనిషి. ఆమె మెత్తగా మాట్లాడిందంటే ఎక్కడో ముల్లు ఉందని అర్థం.

"ఆలోచన చాలా బాగుందండీ. నమూనాగా ముందు మీ ఇంటిదే పెట్టేద్దామండీ. రేపొద్దున్నే బోర్డు మీద ఉంటే, జనానికి ఓ ఉత్సాహం."

రేపటికి ఇంట్లో ఎవర్ని కూర్చోబెట్టను? అప్పుడు మధ్యాహ్నం ఒంటిగంట. టిఫిన్ డబ్బా పక్కన పెట్టుకుని, ఇరవై నిమిషాల్లో మా గచ్చిబౌలి ఫ్లాటు గీసేశాను. మూడో అంతస్తు, రెండు పడకగదులు, బాల్కనీ. మొదటి దారి గుమ్మం. రెండో దారి? మా బాల్కనీకి దొంగల కోసం ఒక ఇనుప గ్రిల్లు, పావురాల కోసం దాని మీద ఒక వల, రెండూ నేనే పెట్టించాను. చీమ కూడా ఆధార్ కార్డు చూపించి రావాలి. అయినా ఆ గ్రిల్లుకు ఒక చిన్న తలుపు గీసి, "అత్యవసర ద్వారం" అని ఎర్ర పెన్నుతో రాశాను. కలుసుకునే చోటు "పార్కు బెంచీ" అన్నాను. మా గల్లీలో పార్కు లేదు. ఆవిడ సంతకం, అమ్మాయి సంతకం నేనే చేశాను. అమ్మ కోసం నా ఎడమ బొటనవేలు ముద్ర వేశాను.

మేడం కాగితాన్ని చాలాసేపు చూసింది. "వదినగారి చేతిరాత అచ్చం మీలాగే ఉందేంటండీ?"

"ఇరవై ఆరేళ్ల కాపురం మేడం. కలిసిపోయినయ్."

ఆమె నవ్వి, కాగితానికి ప్లాస్టిక్ తొడుగు వేయించి, లిఫ్టుల పక్కన గోడకు పెట్టించింది. అందరూ ఆగి చూసేవారు. నేను కూడా రోజూ ఆగి చూసేవాణ్ని. చూడగా చూడగా ఏమైందంటే, మా ఇంటికి ఆ ద్వారం ఉందని నేనే నమ్మేశాను. అబద్ధాలు చెప్పేవాడికి వచ్చే పెద్ద జబ్బు అది. మీలో ఎవరికైనా నా అలవాటు ఉంటే ఇక్కడ జర జాగ్రత్త.

ఇక తాళం సంగతి. మా అమ్మాయి మాదాపూర్‌లో ఒక కంపెనీలో అమెరికా వేళలకు పనిచేసేది. తెల్లారేసరికి క్యాబ్ దిగి, ఇంత ఉప్మా తిని, తలుపులు మూసుకుని పడుకుంటే మళ్లీ మధ్యాహ్నం మూడింటికే. అయితే పగలు మన అపార్టుమెంట్లలో బెల్లు ఆగుతుందా? కొరియర్, నీళ్ల క్యాను, గ్యాసు, చందాలు, ఎదురింటి పార్సిల్ కూడా మనకే. అందుకని ఈ ఐటీ కారిడార్‌లో చాలా ఇళ్లలో ఒక పద్ధతి ఉంది. పడుకున్న మనిషిని లోపల ఉంచి, బయట గొళ్లెం పెట్టి తాళం వేసేస్తారు. వచ్చినవాడు తాళం చూసి, ఎవరూ లేరనుకుని, బెల్లు కొట్టకుండా పోతాడు. మా ఆవిడ బయటికెళ్తే అదే చేసేది. నేను రోజూ ఆ తాళం చూస్తూనే ఉన్నాను. ఆఫీసులో ఎవడైనా అత్యవసర ద్వారానికి అడ్డంగా కుర్చీ వేస్తే రిపోర్టు రాసేవాణ్ని నేను. మా గుమ్మం తాళం మాత్రం నాకు బిడ్డ నిద్రలాగే కనబడింది.

ఆ రోజు శనివారం. పదకొండున్నర అయి ఉంటుంది. నేను ఆఫీసులో ఉన్నాను. అమ్మాయి ఫోన్ చేసింది.

"డాడీ, ఏందో కాలుతున్న వాసన. తలుపు సందుల నుంచి పొగ వస్తుంది. తలుపు గుంజుతున్న, వస్తలేదు."

"అమ్మ ఏది?"

"నానమ్మను తీసుకొని కూరగాయలకు పోయింది."

నా నోటి నుంచి వెంటనే ఒక మాట వచ్చింది. ఆ మాటను ఇప్పటికీ క్షమించుకోలేదు. "ఫికర్ జెయ్యకు బిడ్డా. బాల్కనీల గ్రిల్లు తలుపు తెరువు."

"డాడీ, మన గ్రిల్లుకు తలుపు యాడిది?"

ఆ తలుపు ఆఫీసు గోడమీది కాగితంలో మాత్రమే ఉంది. తర్వాత ఇరవై ఏళ్ల ఉద్యోగం దానంతట అదే మాట్లాడింది. తువ్వాలు తడిపి గుమ్మం కింద కుక్కమన్నాను. పడకగది తలుపు మూసుకుని బాల్కనీలోకి వెళ్లి, కింద మనుషులకు కనబడేలా నిలబడమన్నాను. ఫైరు ఆఫీసుకు ఫోన్ చేశాను. మా ఎదురు ఫ్లాటులో ఉండే లెక్చరరు గారికి చేశాను. ఆయన కృష్ణా జిల్లాలో రిటైరై ఇక్కడికి వచ్చిన మనిషి. చివరగా మా ఆవిడకు చేశాను.

"మన బిల్డింగుల పొగ వచ్చింది. బిడ్డ లోపల ఉన్నది. తాళంచెవి తీసుకొని జల్ది ఇంటికి పో."

వెయ్యిమందికి చెప్పి ఉంటాను, సగం తీసేసినా అయిదు వందలమందికి: పొగ ఉన్న చోటికి ఎవర్నీ వెనక్కి పంపొద్దని. నా సొంత పెళ్లానికి నేనిచ్చిన ఆదేశం మాత్రం దానికి తలకిందులు. ఆమె వెంటనే ఫోన్ పెట్టేసింది.

బైక్ ట్యాక్సీ ఎక్కాను. దారిలో లెక్చరరు గారి ఫోన్. "కంగారు పడకండి. మా ఆవిడ రుబ్బురోలు పొత్రంతో మీ గొళ్లెం ఊడగొట్టేశానండీ. అప్పటికి మెట్లమీద పొగ పల్చగానే ఉంది. తడిగుడ్డలు కట్టుకుని అమ్మాయినీ, మా ఆవిడనీ వెనక గేటు వైపు దించేశాను. అమ్మాయి నా పక్కనే ఉందండీ."

హెల్మెట్ లోపల ఏడ్చాను. అది మంచి వసతి, ఎవరికీ కనబడదు. వెంటనే ఆవిడకు చేశాను, ఇక పైకి వెళ్లొద్దని చెప్పటానికి. మోగింది. మళ్లీ చేశాను. మోగుతూనే ఉంది. ఆ ఫోన్ కూరగాయల సంచిలో తోటకూర కింద ఉందనీ, ఆటో చప్పుడులో మా అమ్మకు కూడా వినబడలేదనీ తర్వాత తెలిసింది.

నేను వెళ్లేసరికి ఫైరింజన్ ఇంకా రాలేదు. వాచ్‌మన్ మెయిన్ స్విచ్ తీసేశాడు. మెట్ల కింద మీటర్ బోర్డులో రాజుకున్న నిప్పు, దాని పక్కనే జనం దాచిపెట్టిన అట్టపెట్టెలకు అంటుకుంది. పక్కన కడుతున్న బిల్డింగు ఇసుక తెచ్చి నలుగురు పోస్తున్నారు. మంట అణిగింది, కానీ అట్టపెట్టెల పొగ మెట్లనిండా నల్లగా లేస్తోంది. వెనక గేటు దగ్గర అమ్మాయి కనబడింది. దగ్గరికి పోయి తల నిమిరాను. అది నా వెనక్కి చూసింది.

"అమ్మ ఏది?"

ముందు గేటు దగ్గర ఆటోలో మా అమ్మ ఒక్కతే ఉంది, ఒళ్లో కూరగాయల సంచితో. "అది తాళంచెవి పట్టుకొని ఉరికింది కొడుకా. నేను ఒర్లుతనే ఉన్న, వినలేదు."

అంటే, బిడ్డ వెనక గేటు నుంచి దిగింది. తల్లి ముందు గేటు నుంచి ఎక్కింది. బిడ్డ లేని ఇంట్లో బిడ్డ కోసం వెతుకుతోంది.

అప్పుడు ఈ భద్రతాధికారి ఏం చేశాడు? శిక్షణ పొందిన మనిషి కదా. జేబురుమాలు ముక్కుకు పెట్టుకుని తనూ పైకి పరిగెత్తాడు. నా వెనక అడుగుల చప్పుడైతే తిరిగి చూశాను, అమ్మాయి వస్తోంది. దాని వెనక లెక్చరరు గారి గొంతు: "ఏవండీ, ఇప్పుడే కదండీ దించాను. మళ్లీ ఎక్కుతారేంటండీ."

రెండో అంతస్తు మలుపులో ఆవిడ ఎదురైంది. కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని, గోడకు ఆనుకుని, దగ్గుతూ మెట్టు మెట్టు దిగుతోంది. ఇంకో చేతిలో తాళంచెవి అలాగే ఉంది. నన్ను చూసి చెప్పబోయింది, గొంతు రాలేదు. నా భుజం మీదుగా అమ్మాయిని చూసింది. ఆ మొహం నేను వర్ణించలేను, కథలు కట్టటం నా అలవాటు అయినా సరే. ముగ్గురం ఒకర్నొకరు పట్టుకుని కిందికొచ్చి, గేటు బయట నేలమీద కూలబడ్డాం.

"మంచం కింద చూసిన," అంది, మాట వచ్చాక. "బాత్రూముల చూసిన. అల్మారల సుత చూసిన. ఏడేడ చూడాల్నో తెల్వలేదు."

తర్వాత అమ్మాయి మీదికి తిరిగింది. "నువ్వెందుకొచ్చినవే పైకి?"

"నువ్వెందుకు పోయినవ్?"

ఇద్దరూ నా వైపు చూశారు. ఆటోలోంచి మా అమ్మ అంది: "నాకు మోకాళ్లు నొయ్యకుంటె నేను సుత పోదును."

దవాఖానలో చూపిస్తే భయం లేదన్నారు. రెండు రోజులు ఆవిడ గొంతు బొంగురు పోయింది, అంతే. మర్నాడు ఆదివారం, భోజనాలయ్యాక నేనే అందర్నీ కూర్చోబెట్టాను. కాగితం, పెన్ను అమ్మాయి చేతికిచ్చాను. ముందు నా నేరం ఒప్పుకున్నాను. గోడమీది బొమ్మ, ఎర్ర ద్వారం, పార్కు బెంచీ, దొంగ సంతకాలు, అన్నీ.

ముందు మాట్లాడింది మా అమ్మ.

"నా పేరు మీద ఏలిముద్ర ఏసినవా?"

"ఏసిన."

"నాకు సంతకం రాదారా? రేషన్ దుకాణంల ఎన్నేండ్లు సంతకం పెట్టిన? ఊళ్లె ఆడోళ్లందరు ఏలిముద్రలు ఏస్తుంటె నేనొక్కదాన్ని పేరు రాసేదాన్ని."

మంట కన్నా, పొగ కన్నా, ఆమెకు అదే పెద్ద అవమానం. ఆ కాగితం మీద మొదటి సంతకం ఆమెదే అయితే గానీ ఒప్పుకోనంది. ఇంకా ఏమీ రాయక ముందే, ఖాళీ కాగితం అడుగున, ఒక్కో అక్షరం చెక్కినట్టు పెట్టింది.

తర్వాత పని సాగింది. బయటి తాళం ఇక వేయకూడదు. బదులుగా తలుపుకు ఒక అట్ట: "రాత్రి డ్యూటీ మనిషి నిద్రలో ఉంది, బెల్లు కొట్టొద్దు". గ్రిల్లుకు నిజంగానే తెరుచుకునే తలుపు చేయించాలి. నిచ్చెన వస్తే దిగటానికి, రాకపోతే చెయ్యి ఊపటానికి. ఇంకో తాళంచెవి లెక్చరరు గారింట్లో. మెట్ల కింద అట్టపెట్టెలు తీయించే పూచీ నాది. అమ్మ మోకాళ్లకు లిఫ్టు కావాలంది. మంటప్పుడు లిఫ్టు వద్దన్నాను. "అయితె కూసోని దిగుత, ఒక్కొక్క మెట్టు" అంది. రాసుకున్నాం. ఇరవై ఏళ్లలో నా పుస్తకాల్లో ఎక్కడా లేని పద్ధతి, కానీ పనిచేస్తుంది.

కలుసుకునే చోటు దగ్గర పేచీ వచ్చింది. చివరికి ఆవిడే తేల్చింది: మలుపులో ఇస్త్రీ బండి. పొద్దున్నుంచి చీకటి పడేదాకా అక్కడే ఉంటుంది, రెండు గేట్ల నుంచీ కనబడుతుంది.

అమ్మాయి అది రాసి, కింద ఇంకో వాక్యం నేను చెప్పినట్టే రాసింది. "బండి దగ్గరికి వచ్చినవాళ్లు మళ్లీ పైకి పోవద్దు." పెన్ను పక్కన పెట్టింది.

"దీనికి ముగ్గురు ఒప్పుకుంటరా?"

ఆవిడ కాగితం తన ముందుకు లాక్కుని చదివింది.

"నేను ఒప్పుకోను," అంది ఆవిడ. "గిప్పుడు రాయుమంటె రాస్త. అప్పుడు పోత."

"డాడీ, నువ్వు?"

మైకు ముందు ఎన్నిసార్లు చెప్పానో ఆ నియమం. "పోవద్దు బిడ్డా, అది రూలు" అనటం నాకెంత సేపు? గోడమీది బొమ్మ గుర్తొచ్చి నోరు రాలేదు. "నేను సుత పోత," అన్నాను.

అమ్మాయికి కోపం వచ్చింది, కళ్లలో నీళ్లు కూడా తిరిగాయి. "అట్లయితె ఇగ ఈ కాగితం ఎందుకు?"

మా అమ్మ తమలపాకు మడుచుకుంటూ అంది: "పోవద్దంటె ఎవ్వరు ఆగరు బిడ్డా. పోయే పని లేకుంట జెయ్యాలె. దిగినోళ్లు దిగినట్టు ఆడికి పోయి నిలవడి కనబడాలె. నిన్న నువ్వు ముంగట కనబడితె, మీ అమ్మ మెట్లెక్కునా?"

అదీ సంగతి. ఉద్యోగమంతా నేను కలుసుకునే చోటును హాజరు వేసుకునే చోటు అనుకున్నాను. అది మనం ప్రేమించేవాళ్లు లోపలికి పోకుండా ఆపే చోటని, నాకు మోకాళ్ల నొప్పుల మనిషి చెబితే తెలిసింది. అమ్మాయి ఆ వాక్యం కొట్టేసి, ఇలా రాసింది: "దిగంగనే బండి కాడికి పోయి, చెయ్యి లేపి నిలవడాలె. వచ్చేటోళ్లు ముందు బండి దిక్కు చూడాలె." దాని కింద మిగతా మూడు సంతకాలు చకచకా పడ్డాయి.

సోమవారం ఆ పాత బొమ్మ పీకేసి, ఇది పెట్టి, పాతది అబద్ధమని మేడంతో చెప్పాను. ఆమె నవ్వలేదు. "వేలిముద్ర రోజే అనుమానం వచ్చిందండీ. కానీ అడిగితే ఇంకో కథ చెబుతారని ఊరుకున్నాను. అడగాల్సిందండీ," అంది. మిగతా జనం మాత్రం నేను చెప్పింది విని, సార్ ఈసారి మంచి కథ కట్టాడన్నారు.

తర్వాతి ఆదివారం ఇంట్లో డ్రిల్లు చేశాం. అమ్మాయి పట్టుబట్టింది, ఆ రోజు జరిగినట్టే జరగాలని. అది పడుకుని ఉండాలి, వాళ్లమ్మ బయటి నుంచి రావాలి. ఆవిడ నిజంగానే సందు చివరికి పోయి ఆటో ఎక్కింది. నేను గిన్నె మీద గరిటెతో కొట్టాను. అమ్మాయి నైటీ మీద చున్నీ వేసుకుని దిగింది. అమ్మ కూర్చుని కూర్చుని దిగింది, ప్రతి మెట్టుకూ నన్నొక మాట అంటూ. లెక్చరరు గారు బాల్కనీలోంచి చూస్తున్నారు.

ఆటో ముందు గేటు దగ్గర ఆగింది. ఆవిడ దిగి, అలవాటుగా మెట్ల వైపు ఒక అడుగు వేసింది. ఆగింది. తల తిప్పి బండి వైపు చూసింది. అక్కడ అమ్మాయి చెయ్యి ఎత్తి నిలబడి ఉంది, నిద్రమొహంతో, చింపిరి జుట్టుతో.

పొగ లేదు, మంట లేదు, డ్రిల్లని అందరికీ తెలుసు. అయినా ఆవిడ పరుగులాంటి నడకతో వచ్చి, ఎత్తిన ఆ చేతిని పట్టుకుంది. పట్టుకుని వదల్లేదు. ఇస్త్రీ ఆయన పెట్టె పక్కకు జరిపి, వాళ్లకు నీడలో చోటిచ్చాడు.

"ఇగ ఇడువు అమ్మా," అంది అమ్మాయి. "అందరు చూస్తున్నరు."

"చూడనీ."

పైనుంచి లెక్చరరు గారు కేకేశారు. "అయిపోయిందాండీ డ్రిల్లు?"

నేను వాళ్లిద్దరి వైపు చూశాను.

"ఇంకా కాలేదండీ," అన్నాను. "కొంచెం ఆగండి."